మూడు పొయ్యి రాళ్లు

గ్యాస్ పొయ్యి ఉండగానే నేను రాళ్ల కోసం వెళ్లాను. ఈ సంగతి ముందే చెప్పాలి. ఎందుకంటే తర్వాత ఒకరిద్దరికి ఈ కథ చెప్పినప్పుడు, వంటకు వేరే దారి లేక రాళ్లు తెచ్చినట్టు చెప్పాను. దారి ఉంది. మా తోడల్లుడు తెచ్చిన చిన్న గ్యాస్ పొయ్యి కారు డిక్కీలోనే ఉంది.

అది అక్టోబరు చివరి శనివారం. వెళ్లింది నలుగురం: నేను, నా భార్య, ఆమె చెల్లెలు, చెల్లెలి భర్త. అతను కందుకూరు దగ్గర ఒక సర్కారు బడిలో సోషల్ చెప్తాడు. సెలవు దొరికితే చాలు, గుట్టలూ పాత గుళ్లూ పాడుబడ్డ బావులూ చూస్తూ తిరుగుతాడు. నేను శంషాబాద్‌లో ఉంటాను. విమానాశ్రయంలో సరుకు దించే షెడ్డులో సూపర్‌వైజర్‌ని. అతను ఏళ్ల తరబడి పిలుస్తూనే ఉన్నాడు, నేను డ్యూటీ ఉందని తప్పించుకుంటూనే ఉన్నాను.

"ఒక్క రాత్రి టెంటు ఏసుకొని పండుకుందామన్నా. నీ విమానాలను కిందికెల్లి చూద్దువు గాని" అన్నాడు ఈసారి. నా భార్య బట్టలు సర్దేసింది. ఇక కాదనలేకపోయాను.

మహేశ్వరం దాటాక తారు రోడ్డు వదిలి మట్టి బాట పట్టాం. ఒక పక్క పత్తి చేలు, ఇంకో పక్క ప్లాట్ల కోసం చదును చేసిన ఎర్రనేల. తంగేడు విరగబూసి ఉంది. మొదట ఒక గుట్ట వాలు మీదికి తీసుకెళ్లాడు. అక్కడ పెద్ద పెద్ద బండలు గుండ్రంగా పేర్చి ఉన్నాయి, మనిషి నడుము ఎత్తువి కొన్ని, సగం మట్టిలో కూరుకుపోయినవి కొన్ని. మా వైపు వాటిని రాకాసి గుళ్లు అంటారు. నేను పుట్టింది అక్కడికి నాలుగైదు ఊళ్ల అవతలే. చిన్నప్పుడు అలాంటి బండల మీదే కూర్చుని సీతాఫలాలు తిన్నాను. అవి ఏమిటో నాకెవరూ చెప్పలేదు, నేనూ ఎవరినీ అడగలేదు.

"ఇవి సమాధులు వదినా" అన్నాడు తోడల్లుడు నా భార్యతో. "ఇనుము పని కొత్తగ నేర్చుకున్న కాలం నాటివి. పోయినోళ్లను నడుమ పెట్టి సుట్టూ బండలు పేర్చిన్రు."

"ఎవలెవలివో?"

"ఎవరికి తెలుసు? పేర్లు లేవు, ఊరు లేదు. సుట్టూ రాళ్లున్నయి గాబట్టి లోపల మనిషి ఉన్నడని తెలుస్తంది. గంతే."

"పేరు లేని రాళ్లు చూపిస్తానికా ఇంత పెట్రోలు కాల్చినవు?" అన్నాను నేను. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. నా సొంత నేల గురించి నాకన్నా అతనికి ఎక్కువ తెలియడం నాకు గుచ్చుకుంది. ఆ రోజు నేను చేసిందాంట్లో ఆ గుచ్చుకోవడం కూడా ఉంది.

సాయంత్రానికి మెట్ల బావి దగ్గరికి చేరాం. పక్కన ఒక మంటపం, దాని పైకప్పు సగం కూలిపోయింది. మిగిలిన స్తంభాల మీద ఏనుగులూ హంసలూ అరిగిపోయి, చేత్తో తడిమితేగానీ తెలియడం లేదు. బావిలోకి మూడు వైపుల నుంచి మెట్లు. వానలకు నీళ్లు బాగా పైకి వచ్చాయి. పన్నెండు మెట్లు పైన కనిపిస్తున్నాయి, మిగతావన్నీ పచ్చటి నీళ్ల కింద. బావి ఒడ్డున చదునైన బండ మీద టెంటు వేశాం. తోడల్లుడు గ్యాస్ పొయ్యి తీశాడు.

"గ్యాస్ మీద వండుకునేదానికి ఇంట్లనే ఉండొచ్చు గదా" అన్నాను. "ఆగున్రి. మూడు రాళ్లు పెట్టి వండి చూపిస్త."

"ఇరవై ఏండ్లాయె నువ్వు అగ్గి అంటుపెట్టక" అంది నా భార్య. "పొగ పెడ్తవు, కూర పెట్టవు."

దానికి మళ్లీ నవ్వులు. నేను లేచి వెళ్లాను.

రాళ్లకు కరువు లేదు గానీ, దగ్గరున్నవి ఎత్తలేనంత పెద్దవి, లేదంటే నిలవకుండా దొర్లేవి. చేను గట్టు దాటితే ఒక బీడు. నడుము ఎత్తు గడ్డి, మధ్యలో ఒక తుమ్మచెట్టు. గట్టు మీంచి చూస్తే గడ్డి మొదట్లో తెల్లగా ఏదో కనిపించింది. వెళ్లి చేయి వేస్తే రాయి. చిన్నదే, జానెడున్నర ఉంటుంది. పాలపన్ను ఊడినంత తేలిగ్గా వచ్చేసింది. ఇంకొంచెం లోపలికి పోతే, తుమ్మచెట్టు దగ్గర అలాంటివే రెండు, కొంచెం పెద్దవి. చెట్టుకు ఓ చేయి ఆనించి వాటినీ పీకాను. అరచేతిలో ముల్లు దిగింది.

మూడింటికీ ఒక పక్క సున్నం ఉంది. పాతది, వానకు కొట్టుకుపోగా మిగిలింది. చేతికి అంటింది. ప్యాంటుకు తుడుచుకున్నాను.

మా ఊళ్లలో ఊరికే ఎవరూ రాయికి సున్నం వేయరు. హద్దుకైనా వేస్తారు, దేవుడికైనా వేస్తారు, పోయినవాళ్లకైనా వేస్తారు. మూడింట్లో ఏదైనా సరే, తీయకూడని రాయే. రైతు కడుపున పుట్టినవాణ్ణి, నాకు ఆ సంగతి తెలియదంటే ఎవరూ నమ్మరు. తెలుసు. అయినా మొద్దులా మోసుకొచ్చాను. ఇంకా ఘోరం, పొయ్యి పెట్టేటప్పుడు సున్నం ఉన్న పక్కలు మూడూ లోపలికి, మంట వైపుకు తిప్పాను. బయటి నుంచి చూసేవాళ్లకు మామూలు రాళ్లే కనిపించాయి. తెలియక చేసినవాడైతే ఏ పక్క ఎటున్నా పట్టించుకోడు కదా.

చిన్న రాయి వైపు గిన్నె వాలింది. "వంకర పెట్టినవ్" అంది నా భార్య. ఆ రాయి కింద ఒక పలక దూర్చి సరిచేశాను. కూర నిజంగా బాగుంది. అందరూ మెచ్చుకున్నారు. మా తలల మీదుగా దీపాలు వెలిగించుకుని విమానాలు దిగుతుంటే నేను వాటి వేళలు చెప్పాను, ఏది ఎక్కణ్నుంచి వస్తుందో చెప్పాను. ఆ సాయంత్రం నేను చాలా సంతోషంగా ఉన్నాను. అదీ రాయాలి.

తెల్లారి తోడల్లుడు సంచి పట్టుకుని చెత్తంతా ఏరాడు. "మనమొచ్చిన గుర్తు ఉండొద్దన్నా. రాళ్లు ఎక్కడివక్కడ పెట్టేద్దాం" అన్నాడు. "నేను పెడ్త" అన్నాను. గడ్డంతా మంచుకు తడిసి ఉంది. బూట్లు తడుస్తాయి. రాళ్లకు మసి పట్టి ఉంది. బావి నాలుగడుగుల దూరంలో ఉంది. ఒకదాని తర్వాత ఒకటి మెట్ల మీంచి దొర్లించాను. మూడో రాయి చప్పుడుకు నా భార్య టెంటు మడతపెడుతూ తలెత్తి చూసింది. 

అరగంట కాకముందే ఊళ్లోంచి ఒకామె వచ్చింది. అరవై దాటి ఉంటాయి. ఒక చేతిలో సున్నం బకెట్టు, ఇంకో చేతిలో కుంచె. మమ్మల్ని చూసి తలూపి, గట్టు దాటి బీడులోకి వెళ్లింది. గడ్డిలో వంగుతూ, లేస్తూ, నడుము మీద చేయి పెట్టుకుని నిలబడుతూ చాలాసేపు తిరిగింది. తర్వాత మా దగ్గరికి వచ్చింది.

"సారూ, గా గడ్డిల రాళ్లు గిట్ల చూసిన్రా? సున్నమేసినయి, మూడు."

"ఏం రాళ్లమ్మా?" అన్నాడు తోడల్లుడు.

"మా గోరీలు. మా అత్తది, మా ఆయనది, నా బిడ్డది. వచ్చే ఆదివారం సమాధుల పండుగ గదా, సున్నమేద్దామని వచ్చిన. ఏడాదికొకపారి వస్త. గిప్పుడు కండ్లు గూడ సరిగ ఆనుతలెవ్వు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "చెలక అమ్ముడువోయింది సారూ. పండుగ తెల్లారి కొలతోళ్లు వస్తరు. రాళ్లు కనపడ్తే గా జాగ ఇడుస్తమన్నరు. రాళ్లే లేకపోతే ఏం చూపియ్యాలె?"

తోడల్లుడు నా వైపు తిరిగాడు. "అన్నా, రాత్రి మనం పొయ్యికి..."

"అవి గుట్ట కాడివి" అన్నాను. ఆమె వైపు తిరిగి, "మేం చూడలేదమ్మా. పశువులు గిట్ల తోసినయేమో" అన్నాను.

"పశువులు రాళ్లు గుంజుతయా సారూ?" అని అడిగింది. వెక్కిరించలేదు. నిజంగానే అడిగింది. చెట్లపైన కనిపిస్తున్న చర్చి శిలువ చూపించి, "గా చర్చి పక్కనే మా ఇల్లు. మీకేమన్న కనపడ్తే జర చెప్పున్రి" అని మళ్లీ గడ్డిలోకి వెళ్లింది. మా కారు కదిలేటప్పటికి ఇంకా అక్కడే ఉంది. గడ్డి పైన ఆమె తల ఒక్కటే కనిపిస్తోంది.

నా అబద్ధాలు పెద్దవి కావు. ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్న మాట ఇది. షెడ్డులో ఒకసారి నేను సరిగా కట్టించని పెట్టె పడి పగిలితే, దించినవాడి చేయి జారిందని రాసిచ్చాను. అతన్ని వారం రోజులు ఇంటికి పంపారు. తిరిగొచ్చాక నాకు నమస్తే పెట్టాడు, నేనూ పెట్టాను. పెద్దగా ఏమీ కాలేదనుకున్నాను. ఎవరికి ఏమీ కాలేదో చూడకుండా అలా అనుకోవడం నాకు అలవాటు.

ఆ వారం మూడు రోజులు ముసురు పట్టింది. తోడల్లుడు నా ఫోన్‌కు ఫోటోలు పంపాడు. రాకాసి గుళ్లు, మంటపం, బావి. చివరి ఫోటోలో నేను పొయ్యి ముందు గొంతుకూర్చుని నవ్వుతున్నాను. చిన్న రాయి అంచున సన్నటి తెల్ల గీత. ఫోటో కింద అతను ఏమీ రాయలేదు.

శనివారం అన్నం పెడుతూ నా భార్య అంది, "ఆమె బిడ్డ ఎంత పిల్లనో అడగకపోతిమి." అంతే అంది. వారం రోజుల్లో ఆ సంగతి మీద ఆమె అన్న మాట అదొక్కటే.

ఆదివారం మధ్యాహ్నం నేనొక్కణ్నే బండి మీద వెళ్లాను. చర్చి దగ్గర జనం ఉన్నారు గానీ ఆమె లేదు. అడిగితే చెలక వైపు, ఆ బీడు దగ్గరికి పోయిందన్నారు. వెళ్లేసరికి గట్టు మీద కూర్చుని ఉంది. ముందర మూడు కొవ్వొత్తులు, గాలికి ఆరకుండా ఇటుక ముక్కలు అడ్డం. ఎక్కడ పెట్టాలో తెలియక గట్టు మీదే పెట్టుకుంది.

నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. "అక్కా, ఆ రాళ్లు తీసింది నేనే."

ఆమె నన్ను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. "పొయ్యికా?"

"ఆ."

"వంట మంచిగైందా?"

నేను తల దించుకున్నాను.

"ఏడున్నయిప్పుడు?"

"బాయిల ఏసిన. మెట్ల బాయిల."

ఆమె బావి వైపు చూసింది. "మా అత్తకు నీళ్లంటే భయం" అంది మెల్లగా. "చెరువు కట్ట గూడ ఎక్కకపోయేది. గామెను తీస్కపోయి బాయిల ఏసినవు."

తిట్టినా బాగుండేది. తిట్టలేదు. లేచి చీర దులుపుకుని గట్టు దిగింది. "రా. ఏడికెల్లి గుంజినవో చూపియ్యి. రేపే వస్తరు వాళ్లు. నాకు కండ్లు ఆనవు. చూసినోడివి నువ్వొక్కనివే."

అప్పటిదాకా నాకు ఆ ఆలోచన రాలేదు. క్షమించమని అడగడానికి వెళ్లాను నేను. రాళ్లు పీకినవాణ్ణి కాబట్టి అవి ఎక్కడుండేవో చెప్పగల మనిషిని ఈ భూమ్మీద నేనే.

గడ్డిలో మోకాళ్ల మీద కూర్చున్నాను. ముసురుకు గుంటలన్నీ బురదతో పూడిపోయాయి, మీదుగా పశువులు తొక్కాయి. తుమ్మచెట్టుకు చేయి ఆనించి, ఆ రోజు నిలబడ్డట్టే నిలబడ్డాను. అందినంత మేర వేళ్లతో తడిమాను. ఒకచోట మట్టి మెత్తగా లోపలికి దిగింది. తవ్వితే రాయి కూర్చున్న గుంట. పక్కనే, చేతి దూరంలో, రెండోది. ఆమె వంగి రెండు గుంటల్లోనూ చేయి పెట్టి చూసుకుంది. "గిది అత్తది. గిది ఆయనది" అంది. 

మూడోది, ఆ చిన్న రాయిది, దొరకలేదు. దాన్ని నేను గట్టు మీంచి చూశాను, నేరుగా నడిచి వెళ్లి తీశాను. చెట్టుకు ఇటా, అటా, ఎన్ని అడుగుల్లోనో నాకు గుర్తు లేదు. పట్టుకోవడానికి ఏ ఆనవాలూ లేదు. గట్టు మీదికి వెళ్లి చూశాను, దిగాను, మళ్లీ వెళ్లాను. మోచేతుల దాకా బురద. పొద్దు వాలుతోంది.

"గీడనా తమ్మీ?" అని ఒకచోట కాలితో చూపించింది. "గీడనే అనిపిస్తంది నాకు. నాలుగేండ్ల పిల్ల. వాళ్ల నాయినమ్మ పక్కకే పెట్టినట్టు యాదికుంది."

ఆమె నా నోటి నుంచి అవునన్న మాట కోసం చూస్తోంది. ఆ ఒక్క మాట అంటే ఆమె అక్కడ కొవ్వొత్తి పెట్టుకుని ఇంటికి వెళ్లేది. జీవితంలో నేను అన్నిటికన్నా తేలిగ్గా అనగలిగిన మాట అది. ఎదుటివాళ్ల మేలుకే అన్నట్టుగా కూడా ఉండేది.

"తెల్వదక్కా" అన్నాను. "గీడనే అంటే అనొచ్చు. కని నాకు తెల్వదు."

ఆమె ఆ చోటి నుంచి కాలు వెనక్కి తీసుకుంది. తర్వాత, "గీ మాటనే పోయిన ఆదివారం చెప్తే, గప్పుడు నీకు తెల్సు" అంది.

నేను మళ్లీ మోకాళ్ల మీద కూర్చుని తడిమాను. 

చివరికి ఆమే తేల్చింది. "ఏడుందో తెల్వకపోతే జాగ మొత్తం బిడ్డదే. సుట్టూ రాళ్లు పెడ్దాం. వాళ్లకు కనపడాలె, గంతే గదా." ఆ మాటకు నాకు గుట్ట మీది బండలు గుర్తొచ్చాయి. ఆమెకు చెప్పలేదు. తోడల్లుడికి ఫోన్ చేశాను. ఎందుకని అడగలేదు. కందుకూరు నుంచి బండి మీద వచ్చి, చొక్కా చేతులు మడిచి, చేలోంచి ఏరి గట్టున పోసిన రాళ్ల కుప్ప నుంచి మోయడం మొదలుపెట్టాడు. మేమిద్దరం మోశాం. ఆమె చూపించిన చోటల్లా పెట్టాం. తుమ్మచెట్టు నుంచి గట్టు దాకా, నేను నడిచి ఉండగలిగినంత మేరా. మసక పడేవేళకు గుండ్రంగా రాళ్లు పూర్తయ్యాయి. కొవ్వొత్తులు మూడూ ఆమె లోపలికి తెచ్చుకుంది. రెండు గుంటల దగ్గర రెండు. మూడోదాన్ని పట్టుకుని కాసేపు నిలబడి, నడిమధ్యన పెట్టింది.

మర్నాడు సెలవు పెట్టి వెళ్లాను. కొలిచేవాళ్లు ఇద్దరు వచ్చారు. పెద్దాయన గుండ్రం చుట్టూ నడిచి నవ్వాడు.

"ఏందమ్మా, మూడు గోరీలంటివి. గింత జాగల ముప్పై పడ్తయి. రాత్రికి రాత్రి పెంచినవా?"

"పెంచింది గాదు సార్" అన్నాను నేను. "రాళ్లు తీసింది నేను. పొయ్యికని తీసి బాయిల ఏసిన. మూడోది ఏడుందో నాకు యాదికి లేదు. గందుకే గింత."

"నువ్వేమయితవ్ ఈమెకు?"

"ఏం కాను."

అతను నన్ను కిందికీ పైకీ చూశాడు. షెడ్డులో పాతికమంది మీద సూపర్‌వైజర్‌ని నేను. అలా చూడడం నాకు బాగా తెలుసు, నేనూ చూసేవాణ్ణి. ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడాడు. ఒకసారి గొంతు పెంచాడు, ఒకసారి నవ్వాడు. తర్వాత తాడు గుండ్రానికి అవతలి నుంచి వేయించాడు. జాగా మిగిలింది.

రాళ్లు బావిలోనే ఉన్నాయి. నెలకోసారి వెళ్లి చూసేవాణ్ణి. డిసెంబరులో పదిహేను మెట్లు బయటపడ్డాయి. సంక్రాంతి దాటాక ఇరవై. మార్చిలో పెద్ద రాళ్లు రెండూ ఒక మెట్టు మూల పక్కపక్కనే కనిపించాయి. చిన్నది చివరిదాకా దొరకలేదు. మే నెలలో, బావి అడుగు బురదలో కాలికి తగిలింది. ముప్పై ఏడు మెట్లు ఎక్కి దాన్ని పైకి తెచ్చాను. ఒక పక్క ఇంకా మసి ఉంది. దాని కింద సున్నం.

పెద్దవి రెండూ వాటి గుంటల్లో నాటాం. చిన్నదాన్ని ఆమె నాటలేదు. గుండ్రం నడుమ, ఆ రోజు కొవ్వొత్తి పెట్టిన చోట, ఊరికే నేల మీద ఉంచింది. "కిందున్నదో లేదో తెల్వకుండ ఎట్ల నాటాలె?" అంది. కుంచె నా చేతికిచ్చింది.

సున్నం వేశాను. పెద్ద రాళ్లు తెల్లబడ్డాయి. చిన్నదానికి మసి ఎక్కువ పట్టింది. తడి ఆరుతున్న కొద్దీ సున్నం లోంచి గోధుమ రంగు మరక పైకి వచ్చింది. ఇంకోసారి వేశాను. ఎండలో ఇద్దరం కూర్చుని చూశాం. మళ్లీ వచ్చింది.

"ఇంకో పూత ఎయ్యి" అంది.

వేశాను. ఈసారి కొంచెం ఆగి, సన్నగా, అంచు దగ్గర వచ్చింది.

ఆమె బకెట్టు తీసుకుని లేచింది. "చాలు ఇగ. పండుగకు మళ్లా రా తమ్మీ. గప్పటికి గది మళ్ల పైకొస్తది."